పద్దెనిమిదేళ్ళు, యాభై సీసీలు

మా మేనల్లుడు పోయిన నెల ఇంగ్లండు నుంచి ఫోన్ చేసి తనకు ఘోరమైన అన్యాయం జరిగిందన్నాడు. గొంతు విని వీసా రద్దయిందేమో అని హడలిపోయాను. తీరా చూస్తే సంగతి బండిది. కోవెంట్రీలో చదువుకుంటున్నాడు. బస్సుల కోసం నిలబడలేక మోటారు సైకిలు కొందామనుకున్నాడట. ఆ దేశం వాళ్ళేమో, నువ్వు కొత్తగా నేర్చుకునేవాడివి గనక 125 సీసీ దాటకూడదు, ఇంజను బలం 11 కిలోవాట్లు మించకూడదు, ముందూ వెనకా ఎల్ బోర్డు కట్టాలి, మోటారు వే ఎక్కకూడదు, వెనక సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకూడదు అన్నారట. అదీ ముందు శిక్షణ తీసుకుని, ఒక కాగితం తెచ్చుకున్నాకే. రెండేళ్ళలో పరీక్షలు గట్టెక్కకపోతే ఆ కాగితానికీ కాలం చెల్లి శిక్షణ మళ్ళీ మొదటికొస్తుందట.

"ఇరవై రెండేళ్ళొచ్చినయి మామా నాకు. బండి కొంటానంటే పాలు తాగే పిల్లోణ్ని చూసినట్టు చూస్తన్నారు" అన్నాడు.

నేను ఓదార్చలేదు. కాగితం తీసుకుని 11 కిలోవాట్లను గుర్రాల్లోకి మార్చాను. పదిహేను గుర్రాలకు కాస్త తక్కువ తేలింది. మా నాయన దగ్గరున్న స్ప్లెండరుకు ఎనిమిది గుర్రాలు. ఆ ఎనిమిది గుర్రాలతోనే మా ఇంట్లో మూడు పెళ్ళిళ్ళ సామాను వచ్చింది, శనక్కాయలు మార్కెట్టుకు పోయాయి, మా అమ్మ కంటి ఆపరేషనుకు వెళ్ళి వచ్చింది. బ్రిటిషు లెక్కన చూస్తే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా రోడ్డు మీద కనిపించే వందల బండ్లలో నూటికి తొంభై చిన్నపిల్లల బండ్లే. పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మేము నేర్చుకుంటూనే ఉన్నాం. మా ఎస్సై గారి బులెట్టు కూడా, ఎంత భూమి అదిరినా, ఇరవై గుర్రాల దగ్గరే ఆగుతుంది. ఇంగ్లండులో 19 ఏళ్ళ కుర్రాడు రెండో మెట్టు పరీక్ష పాసైతే 35 కిలోవాట్లు ఇస్తారు. ఎస్సై గారికి ఈ సంగతి నేను చెప్పను.

ఆస్ట్రేలియాలో లెక్క ఇంకో రకం. అక్కడ నేర్చుకునేవాడికి 660 సీసీ దాకా ఇస్తారు గానీ, బండి బరువుకు 90 కిలోల మనిషిని కలిపి, టన్నుకు 150 కిలోవాట్లు మించకూడదంటారు. నాకు ఈ సూత్రం తెగ నచ్చింది. వెంటనే మా ఇంటి స్ప్లెండరుకు వేసి చూశాను. బండి 110 కిలోలు. దాని మీద మా తమ్ముడు, మరదలు, నాయన కలిసి 195. శనక్కాయల మూట 45. మొత్తం 350 కిలోలు, ఆరు కిలోవాట్లకు కాస్త తక్కువ. టన్నుకు 17 వస్తుంది. (వెనక ఒక్కరే కూర్చోవాలని మన చట్టంలో ఉంది. ఆ సంగతి మా తమ్ముడికి ఏటా ఒకసారి జరిమానా రూపంలో గుర్తొస్తుంది.) ఇంత భద్రమైన బండిని ఆస్ట్రేలియా ప్రభుత్వం కలలో కూడా చూసి ఉండదు.

మన చట్టం దగ్గరికొస్తే, అది ఈ గుర్రాల గొడవ పెట్టుకోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండి, గేరు బండి లైసెన్సు చేతికొస్తే చాలు. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు ఇవాళ డబ్బుంటే ఎంత పెద్ద బండి మీదయినా ఎక్కవచ్చు. ఒక్కచోట మాత్రం సీసీల మాట ఎత్తింది: పదహారేళ్ళు నిండినవాడు 50 సీసీ మించని బండి నడపవచ్చు. ఆ వాక్యం ఇప్పటికీ చట్టంలో చెక్కుచెదరకుండా ఉంది. బండే లేదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం షోరూములన్నీ తిరిగినా 50 సీసీ పెట్రోలు బండి దొరకదు. టీవీఎస్ వాళ్ళ ఎక్సెల్ కూడా పెరిగి పెరిగి వంద సీసీకి చేరింది. గుడి తలుపులు తెరిచే ఉన్నాయి, లోపల దేవుడు లేడు.

మరి మన కుర్రాళ్ళ బలానికి హద్దు పెట్టేదెవరు? 11 కిలోవాట్లు, 35 కిలోవాట్లు అని ఇంగ్లండులో పార్లమెంటు చేసే పని మా వైపు ఎవరు చేస్తారు? ఇంటి వసారాలో కూర్చున్న పెద్దలు చేస్తారు. నా విషయంలో 1994లో చేశారు.

ఆ సంవత్సరం నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. మాది కంభం చెరువుకు ఎగువ వైపు ఊరు. చెరువు కనపడుతుంది, నీళ్ళు రావు. ఆ చెరువును 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడమని గుర్తించారు గానీ, మాకు దాని వారసత్వం చూపుల వరకే. మార్కాపురంలో డిగ్రీ చదువు, బస్సులో నిలబడి ప్రయాణం. నాకు బండి కావాలి. ఏ బండి అన్నది నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను: యమహా ఆరెక్స్ 100. తొంభై ఎనిమిది సీసీ, పదకొండు గుర్రాలు, టూ స్ట్రోకు. మార్కాపురం బస్టాండు దగ్గర ఒకాయన దాన్ని రోజూ సాయంత్రం ఆపి, పోయేముందు ఊరికే రెండుసార్లు రైజు చేసేవాడు. ఆ శబ్దానికి నా చేతిలో ఉన్న అకౌంటెన్సీ పుస్తకం అర్థం కోల్పోయేది.

ఇంట్లో మాట ఎత్తాను. రెండో రోజు సభ కూర్చుంది.

సభ్యులు నలుగురు. నాయన, డబ్బు ఆయనది. జేజి, నాయనకు తల్లి. చిన్నాయన, లారీ డ్రైవరు, ఇంట్లో లైసెన్సున్న ఏకైక మనిషి. నాలుగోవాడు మా అమ్మ తమ్ముడు, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని. ఒకప్పుడు సువేగా మోపెడు నడిపిన అనుభవంతో మామను పిలిపించారు. ఆ సువేగా తిరుపతిలో తయారైంది. అందుకని అది ఎక్కడ ఆగిపోయినా మామ దాన్ని ఒక్క మాట అనేవాడు కాదు. దిగి, పక్కన నిలబడి, స్వామి దయ కోసం ఎదురుచూసేవాడట.

నేను ఆరెక్స్ 100 పేరు చెప్పాను.

"అది పోతుంటే ఊరంతా తలెత్తి చూస్తది" అన్నాడు నాయన.

"అవును నాయనా" అన్నాను సంతోషంగా.

"ఊరంతా చూసేదానికి పెట్రోలు మనం పోయాల్నా?"

ఆరెక్స్ అక్కడితో ముగిసింది. తరవాత రాజ్‌దూత్. అది పాలవాళ్ళ బండి, రెండు వైపులా క్యాన్లు లేకపోతే బోసిగా ఉంటుందన్నాడు చిన్నాయన. బులెట్టు మాట నేనే ఎత్తలేదు. బులెట్టు కొనాలంటే ముందు పదెకరాల మాగాణి కొనాలి, లేదా పోలీసు ఉద్యోగం రావాలి. బజాజ్ చేతక్ స్టార్టు కావాలంటే పక్కకు వంచాలి, ఆ వంచే పద్ధతి మార్కాపురం గుమస్తాలకే తెలుసన్నారు. హీరో హోండా సీడీ 100 దగ్గర సభ కాసేపు మౌనం పాటించింది. అది లీటరుకు ఎనభై ఇస్తుందని ప్రకటన. ఎనభై అనగానే నాయన కళ్ళు ఎలా మెరిశాయో, ధర వినగానే అలాగే ఆరిపోయాయి.

"అది కొనే బండి కాదు, వచ్చే బండి" అన్నాడు మామ. అంటే పెళ్ళిలో. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. మా వైపు పెళ్ళి మాటల్లో ఆ చట్టం పేరు వినలేదు గానీ సీడీ 100 పేరు మాత్రం చాలాసార్లు విన్నాను. సగం మంది మగాళ్ళకు గేరు బండి నేర్పింది మామగార్లే. సిగ్గుపడాల్సిన సంగతే, అప్పుడు ఎవరూ సిగ్గుపడలేదు.

అప్పటిదాకా మాట్లాడనిది జేజి ఒక్కతే. ఆకులో సున్నం రాసుకుంటూ, "బండ్లన్నీ చెప్పినారు గదా. నేను యాడ కూచోవాల?" అంది.

సభకు ఆ ప్రశ్నతో దారి దొరికింది. నేను ఇన్నాళ్ళూ బండిని ముందు నుంచి చూశాను, హ్యాండిలు, ట్యాంకు, స్పీడోమీటరు. వాళ్ళు నలుగురూ వెనక నుంచి చూస్తున్నారు. మా వైపు మొదటి బండి నడిపేవాడి కోసం కొనరు. నడపడానికి ఎవడో ఒకడు దొరుకుతాడు. వెనక కూర్చునేవాళ్ళు ముఖ్యం. గిద్దలూరు ఆసుపత్రికి పోయే జేజి, బ్యాంకుకు పోయే నాయన, పండక్కి పుట్టింటికి పోయే అమ్మ, శనక్కాయల మూట, కోళ్ళు.

గిద్దలూరులో పాత బండ్లు అమ్మే ఒక షెడ్డుకు జేజిని తీసుకెళ్ళాం. అంత శాస్త్రీయమైన పరీక్ష నేను మళ్ళీ చూడలేదు. బండి డబుల్ స్టాండు వేయించి, వెనక ఒక పక్కకు కూర్చునేది. కూర్చుని కళ్ళు మూసుకునేది. తరవాత కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకునేది. ఆరెక్స్ మీద (నేనే దొంగచాటుగా వరసలో పెట్టించాను) కూర్చున్న మరుక్షణం "జారుతాంది" అంది. నిలబెట్టిన బండి మీద జారడం ఏమిటని అడిగాను. "నిలబడితేనే ఇట్టా ఉంటే, పోతే ఎట్టా ఉంటదిరా?" అంది. షెడ్డాయన ఆరెక్స్‌ను పక్కకు జరిపేశాడు. రాజ్‌దూత్ సీటు మీద చెయ్యి వేసి, పాల వాసన వస్తుందని కూర్చోనే లేదు. చేతక్ సీటు బాగుంది గానీ చక్రం చిన్నది, గుంటలో దిగితే లేవదని ఆమె తీర్పు. మా ఊరి రోడ్డులో గుంటలు ఎన్నో ఆమెకు లెక్క తెలుసు, ఎద్దుల బండి మీద ముప్పై ఏళ్ళు లెక్కపెట్టింది.

చివర్లో మూలన ఒక టీవీఎస్ 50. హోసూరు వాళ్ళు 1980లో తెచ్చిన ఇద్దరు కూర్చునే మోపెడు. తొక్కి స్టార్టు చేయాలి, గేర్లు లేవు. నేను దాని వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నాను. జేజి కూర్చుంది. కాళ్ళు కిందికి జాపింది.

"దీని మీద నుంచి కాళ్ళు నేలకు అందుతన్నయి రా. పడినా నిలబడే ఉంటా" అంది.

నాయన వంగి, సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఉన్న ఖాళీని జానలతో కొలిచాడు. మూట పడుతుంది. చిన్నాయన ప్లగ్గు విప్పి చూసి పర్లేదన్నాడు. అయిపోయింది. చట్టం ప్రకారం నాకు పదహారేళ్ళప్పుడే అర్హత వచ్చిన బండిని, పద్దెనిమిదేళ్ళకు, సెకండ్ హ్యాండులో కొన్నారు. బ్రిటన్‌లో పదహారేళ్ళవాళ్ళను 50 సీసీకి కట్టేయాలని 1971లో ఒక మంత్రి నిర్ణయించాడని తరవాతెప్పుడో చదివాను. ఆయన దానికి ఎన్ని కాగితాలు రాసుకున్నాడో ఏమో. మా జేజి కాళ్ళు జాపి తేల్చేసింది.

ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకున్నాక ఎల్ బోర్డు సమస్య వచ్చింది. మామ పలక తెచ్చాడు. మార్కాపురం అంటే పలకలే గదా. భూమిలోంచి రాయి తీసి, పొరలు చీల్చి, నున్నగా చేసి, చెక్క చట్రం బిగించి ఎన్నో ఊళ్ళ బడులకు పంపిన ఊరు. నాలుగు తరాల పిల్లలు ఆ పలకల మీదే అక్షరాలు దిద్దారు. నేనూ నేర్చుకునేవాణ్నే గనక పలక సముచితమే అనుకున్నాడు మామ. చట్రానికి రెండు బెజ్జాలు వేసి, తీగతో బండి వెనక కట్టి, బలపంతో పెద్ద ఎల్ రాశాడు.

దానితో రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, వాన పడితే ఎల్ చెరిగిపోయేది. ఊరి మొగలో నేర్చుకునేవాడిగా బయలుదేరి, వాన తగిలితే కంభం చేరేసరికి పూర్తిస్థాయి డ్రైవరునయ్యేవాణ్ని. మా ప్రాంతంలో వాన అరుదు గనక ఆ హోదా రెండుసార్లే దక్కింది. రెండోది, బండి ఎక్కడ ఆపినా పిల్లలు చేరి ఆ పలక మీద రాసేవాళ్ళు. ఒకరోజు కాలేజీ నుంచి ఇంటిదాకా వెనక ఏడో ఎక్కం మోసుకుంటూ వచ్చాను. ఇంకోరోజు ఎవరో ఎల్ పక్కన సున్నా చుట్టి, కింద రెండు గీతలు గీసి మార్కులు వేశారు. అక్షరం చూసి వేశారో నడక చూసి వేశారో తెలియలేదు.

బండి నేర్చుకునేవాడు లైసెన్సున్న గురువును తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదని మన నిబంధన. చిన్నాయన గురువు. జేజికి ఈ నిబంధన వివరిస్తే, "గురువునే కన్నదాన్ని, నాకు లేదా హక్కు?" అంది. చట్టంలో దీనికి సమాధానం లేదు. ఆమెను ఎక్కించుకోలేనని బతిమాలి, చిన్నాయనతోనే మొదటి పెద్ద ప్రయాణం పెట్టుకున్నాను. మహానందికి. నాయన చెప్పాడు గనక మహానందికి. మా తాలూకాలు 1970లో కర్నూలు జిల్లా నుంచి తెగి ఒంగోలులో కలిశాయి. ఆ విడదీతను మా నాయన ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. మొక్కులన్నీ పాత జిల్లాలోనే ఉంచుకున్నాడు.

గిద్దలూరు దాటి దిగువమెట్ట దాకా బండి బాగానే పోయింది. అక్కణ్నుంచి నల్లమల ఘాటు. మొదటి మలుపులోనే ఇంజను గొంతు మారింది. రెండో మలుపులో నేను తొక్కడం మొదలుపెట్టాను. మూడో మలుపులో చిన్నాయన గురువుగా ఒక మాట చెప్పాడు, "నేను దిగుతా, నువ్వు ఆపబాక." నడుస్తున్న బండి మీద నుంచి హాయిగా దిగాడు. నిజంగానే కాళ్ళు నేలకు అందుతాయి, జేజి తప్పు చెప్పదు. బరువు తగ్గగానే బండి ఎగిరి ముందుకు పోయింది. ఆపితే మళ్ళీ ఎక్కదని భయం. ఆపకపోతే గురువు లేకుండా నడిపినట్టు, చట్ట విరుద్ధం. ఈ ధర్మసంకటంలో మూడు కిలోమీటర్లు పోయాను. పైన చదునులో ఆపి, వెదురు పొదల మధ్య చప్పుడైతే అది పులో చిన్నాయనో తెలియక గుడ్లు మిటకరిస్తూ నిలబడ్డాను. అరగంటకు ఒక లారీ వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి, డ్రైవరుతో బీడీ పంచుకుంటూ, చిన్నాయన తొంగి చూశాడు.

"పలక మీద ఎల్ చెరిగిపోయింది, రాసుకో" అని, లారీలోనే మహానంది వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు బ్రేకినస్పెక్టరు (మా వైపు ఆ అధికారిని ఇప్పటికీ అలాగే అంటారు) ముందు పలకనే చూశాడు. "ఇది బండా, ఒకటో తరగతా?" అన్నాడు. ఎల్ బోర్డు 18 సెంటీమీటర్ల చదరం, తెల్లని నేల మీద ఎర్రని అక్షరం ఉండాలి. నాది నల్లని నేల, తెల్లని అక్షరం. నూనె డబ్బా రేకు మీద రంగు వేయించుకుని మళ్ళీ వెళ్ళాను. ఎనిమిది అంకె వేయమన్నాడు, కాలు కింద పెట్టకూడదన్నాడు. పై సున్నా బాగా వచ్చింది. కింది సున్నాలో ఇంజను ఆగిపోయింది. కాలు పెట్టలేదు. పెడలు తొక్కి మిగతా సున్నా పూర్తిచేసి ఆయన ముందు నిలబడ్డాను.

"నువ్వు పాసైంది బండిలోనా సైకిల్లోనా?" అన్నాడాయన. కాలు కింద పెట్టలేదు సార్ అన్నాను. కాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. లైసెన్సు మీద గేరు లేని మోటారు సైకిలు అని వచ్చింది. అంటే ఎవరైనా ఆరెక్స్ 100 తాళాలు నా చేతిలో పెట్టినా నేను ముట్టుకోవడానికి లేదు. జేజి తీర్పుకు ప్రభుత్వ ముద్ర పడింది.

ఆ బండి ఆరేళ్ళు నడిచింది. దాని అంత్యదశ గురించి ఒక్క మాట చెప్పాలి. పొగ ఎక్కువై, బలం తగ్గితే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. చూసి, "బోరుకొచ్చింది, బోరు చేయించాల" అన్నాడు. ఇంటికొచ్చి నాయనకు అదే చెప్పాను. ఆ వేసవిలోనే చేలో రెండు బోర్లు వేయించాడాయన. రెండింట్లోనూ దుమ్ము వచ్చింది.

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. "చేలోనే పడలా. దీంట్లో పడతదా?"

సిలిండరు, పిస్టను అని వివరించబోయాను. ఎన్ని అడుగులు అని అడిగాడు. ఆయన వెటకారం చేస్తున్నాడో నిజంగా అడుగుతున్నాడో ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు.

మేనల్లుడు చివరికి 125 కొన్నాడు. నిన్న ఫోటో పంపాడు. నీలం రంగు, బాగుంది. ముందూ వెనకా తెల్లని రేకుల మీద ఎర్రని ఎల్ మెరుస్తున్నాయి. నాయనకు చూపించాను. ఎనభై దాటాయి, కళ్ళద్దాలు పైకి నెట్టి, ఫోనును దూరంగా పట్టుకుని, చాలాసేపు వెనక చక్రం వైపే చూశాడు.

"వీని వెనక ఎవురు కూచుంటరు?"

"ఎవురూ కూచోగూడదంట నాయనా. పరీక్ష పాసయ్యేదాకా అక్కడి చట్టం."

"ఎవురూనా?"

"ఎవురూ."

ఫోను తిరిగి ఇచ్చేశాడు. లేచి దొడ్డి వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"మనిషిని సరే. మూట పెట్టుకోవచ్చునా, అడుగు."

అడిగాను. బాగా బిగించి కట్టుకుంటే మూటకు అడ్డం లేదని మేనల్లుడు జవాబు పంపాడు. దొడ్లోకి వెళ్ళి చెప్పాను.

"అయితే మంచి బండే" అన్నాడు నాయన.